పొడిబారిన కళ్లకు చుక్కల మందు: సీసా మేలా, చిన్న వయల్స్ మేలా?

కళ్లు పొడిబారి, ఇసుక పడ్డట్టు గరగరలాడుతున్నాయని డాక్టరు కృత్రిమ కన్నీళ్లు రాసిచ్చాక, నెల రోజులు వచ్చే సీసా కొనాలా, పూటకొకటి తుంచి వాడే చిన్న వయల్స్ పెట్టె కొనాలా అన్న సందేహం చాలామందికి వస్తుంది. తెలిసినవాళ్లు పదేపదే అడుగుతున్నారు; ఈ మధ్య మా అమ్మ కోసం నేనూ ఇదే తేల్చుకోవలసి వచ్చింది.

ఎక్కువమంది ముందుగా చూసేది లోపలి మందు పేరు. కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ అయినా, సోడియం హైలురోనేట్ అయినా చేసే పని కంటిపై తేమను పట్టి ఉంచడమే. ఒకరికి ఒకటి హాయినిస్తే మరొకరికి మరొకటి హాయినిస్తుంది. నా దృష్టిలో అసలు తేడా ప్రిజర్వేటివ్ దగ్గర ఉంది. సీసా తెరిచిన ప్రతిసారీ సూక్ష్మక్రిములు చేరే అవకాశం ఉంటుంది కనుక, వాటిని చంపడానికి సాధారణంగా అందులో ఒక రసాయనం కలుపుతారు. ఎక్కువగా వాడే బెంజాల్కోనియం క్లోరైడ్‌కు సబ్బు వంటి గుణం ఉండడం వల్ల, అది క్రిముల పొరను ఛేదించినట్టే కన్నీటిపై తేలే జిడ్డు పొరను కూడా చెదరగొడుతుంది, కార్నియా (నల్లగుడ్డుపై ఉండే పారదర్శక పొర) పైకణాలను దెబ్బతీస్తుంది. రోజుకు రెండుసార్లు వేసుకునేవారికి ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు. నాలుగుసార్లు దాటితే మాత్రం మంట తగ్గడానికి వేసుకున్న మందే మంటను పెంచవచ్చు, మంట పెరిగిందని మళ్లీ అదే మందు వేసుకుంటూ పోతారు.

ఈ లెక్కలో చాలామంది మరిచిపోయేది, కంట్లో పడే సీసాలన్నింటినీ కలిపి చూడాలన్న సంగతి. మా అమ్మకు గ్లాకోమా (సాధారణంగా కంటి లోపలి ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు) ఉంది. పొద్దున, సాయంత్రం ఒక మందు, రాత్రి పడుకునే ముందు మరో మందు వేస్తాం. ఆ రెండింటి పెట్టెల మీదా బెంజాల్కోనియం పేరు ఉంది. వాటికి తోడు అదే ప్రిజర్వేటివ్ ఉన్న కన్నీళ్ల సీసాను నాలుగుసార్లు వాడడంతో రోజుకు ఏడుసార్లు ఆ రసాయనం ఆమె కంటిని తాకేది. డాక్టరుతో మాట్లాడి కన్నీళ్ల మందు వరకు వయల్స్‌కు మారాం. నెల తిరిగేసరికి పొద్దున్నే ఉండే గరగర తగ్గిందని ఆమే చెప్పింది. అందుకే రోజుకు నాలుగుసార్లకు మించి వేసుకునేవారికీ, గ్లాకోమా మందులు వాడేవారికీ వయల్సే మేలని నా అభిప్రాయం. రెండు మూడుసార్లతో సరిపోయేవారు మామూలు సీసా వాడుకోవచ్చు; సోడియం పెర్బోరేట్ వంటి మృదువైన ప్రిజర్వేటివ్ ఉన్నది దొరికితే ఇంకా మంచిది.

వయల్స్‌కు ఖరీదు ఎక్కువ, ఆ ఖరీదు నుంచే మరో ప్రమాదం పుడుతుంది. ఒక రోజు ఫ్రిజ్ తలుపు తెరిస్తే చిన్న స్టీలు గ్లాసులో మూడు తుంచిన వయల్స్ నిలబెట్టి ఉన్నాయి. సగం మందు మిగిలిందని, పారేయడానికి మనసొప్పక అమ్మ సాయంత్రానికి దాచింది. ప్రిజర్వేటివ్ లేని మందులో క్రిమి పడితే అడ్డుకునేది ఏదీ ఉండదు కాబట్టి, తిరిగి మూసి ఇన్ని గంటలలోగా వాడవచ్చని పెట్టె మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప, మిగిలినది పారేయవలసిందే. చుక్కల మందులో క్రిములు చేరితే ఎంత అనర్థమో 2023లో అమెరికాలో చూశాం. చెన్నై దగ్గర తయారైన కృత్రిమ కన్నీళ్లతో ముడిపడిన సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ 18 రాష్ట్రాలలో 81 మందికి సోకింది. 14 మంది చూపు కోల్పోయారు, నలుగురికి కనుగుడ్డు తీసేయవలసి వచ్చింది, నలుగురు చనిపోయారు. ఎక్కువసార్లు వాడే సీసాలలో తగినంత ప్రిజర్వేటివ్ లేకపోవడాన్ని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఒక లోపంగా ఎత్తిచూపింది. ప్రిజర్వేటివ్ లేని పెద్ద సీసా కొనేటట్టయితే, క్రిములు లోపలికి పోకుండా వాల్వు లేదా ఫిల్టరు అమర్చినదేనా అని తప్పక చూసుకోవాలి.

ఆయింట్‌మెంట్ చూపును మసకబారుస్తుంది కనుక రాత్రికే పనికొస్తుంది. ఎరుపు తగ్గించే చుక్కలు కన్నీళ్లకు బదులు కావు. వాడగా వాడగా ఎరుపు తిరిగి ఎక్కువవుతుంది. పన్నీరు, ఆముదం, చనుబాలు కంట్లో వేయకూడదు. డాక్టరు చెప్పకుండా స్టెరాయిడ్ చుక్కలు కొనడం వీటన్నింటికన్నా ప్రమాదం, ఎందుకంటే అవి కంటి ఒత్తిడిని పెంచి గ్లాకోమాకు దారితీయగలవు.

ఏది ఎంచుకున్నా చేతులు కడుక్కుని, కింది రెప్పను కొద్దిగా లాగి, మొన రెప్పవెంట్రుకలకు తగలకుండా ఒక్క చుక్క వేస్తే చాలు. కన్ను అంతకు మించి పట్టుకోలేదు, రెండోది చెంప మీదికి జారిపోతుంది. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవారు ప్రిజర్వేటివ్ ఉన్న చుక్కలు వేసే ముందు వాటిని తీసి, కనీసం పదిహేను నిమిషాలు ఆగి తిరిగి పెట్టుకోవాలి. మామూలు సీసా మీద తెరిచిన తేదీ రాసుకుని, లేబుల్ మరోలా చెప్పకపోతే నెల దాటగానే పారేయాలి. నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు తగ్గడం, చీములాంటి స్రావం కనిపిస్తే సీసానా వయలా అన్న ఆలోచన మాని అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మా ఇంట్లో ఇప్పుడు గ్లాకోమా మందు ముందు వేసి, గడియారం చూసి ఐదు నిమిషాలు ఆగి, ఆ తరువాతే వయల్ తుంచుతున్నాం.