ఎవాల్యుయేషన్ బాగా చేశారు, కానీ ఇంటర్‌ప్రెటర్‌ను మర్చిపోయారు

అమెరికాలో జాతి సమానత్వం పేరుతో నడిచే ప్రోగ్రాములకి డబ్బిచ్చే ఫౌండేషన్లలో కొన్నిటికి మామూలు ఎవాల్యుయేషన్, అంటే ప్రోగ్రాం ఎంతవరకు పనిచేసిందో చూసి చెప్పడం, సరిపోవడం లేదు. అది 'కల్చరల్లీ రెస్పాన్సివ్'గా, అంటే అందులో ఉన్నవాళ్ళ సంస్కృతినీ అనుభవాలనీ లెక్కలోకి తీసుకునేలా ఉండాలంటున్నాయి. మా నాన్‌ప్రాఫిట్ నడిపే ఉద్యోగ శిక్షణకి కూడా అలాగే ఒక కన్సల్టింగ్ సంస్థను పెట్టుకున్నాం. పేరు వద్దులెండి.

మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి. సర్వే ఫారం ముందే తయారుచేసుకుని రాలేదు. శిక్షణ తీసుకున్నవాళ్ళని కూర్చోబెట్టి, మీ దృష్టిలో ఇది పనిచేసిందని ఎప్పుడంటారు అని అడిగారు. మేము లెక్కపెట్టేదల్లా ఉద్యోగం వచ్చిందా లేదా అని. నల్లజాతి ట్రైనీలు చాలామంది చెప్పింది వేరు: రావడం సంగతి సరే, సూపర్‌వైజర్ చూసే చూపుకి అక్కడ ఎన్నాళ్ళు నిలబడగలం అన్నదే వాళ్ళ టెన్షన్. ఆ ప్రశ్న మా పాత ఫారంలో లేనే లేదు.

డేటా విడగొట్టడం ఇంకా నచ్చింది. మా రికార్డుల్లో 'ఏషియన్' అనే ఒకే గడి ఉండేది. ఇంజనీరింగ్ డిగ్రీతో దిగిన మన తెలుగు అమ్మాయిలూ, 1975 తర్వాత లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన మోంగ్ తెగ కుటుంబాలవాళ్ళూ అందరూ అందులోనే. జీతాల సగటు తీస్తే అంతా బ్రహ్మాండం. విడదీశాక చూస్తే మనవాళ్ళ జీతాలే ఆ సగటుని పైకి లాగుతున్నాయి, మోంగ్ ట్రైనీలు ఎక్కడున్నారో అక్కడే ఉన్నారు.

ఇంత తెలిసినవాళ్ళు ఆ మోంగ్ పెద్దవాళ్ళ ఇంటర్వ్యూలకి ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టలేదు! ఒకావిడకి పక్కన కూర్చుని కూతురే అనువాదం చేసింది. అప్పులెన్ని, ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని కన్నకూతురి ముందు అడిగితే ఏ తల్లి నోరు విప్పుతుంది? ఆవిడ 'అంతా బాగుంది' అంది, వీళ్ళు రాసుకున్నారు. ప్రపోజల్‌లో మాత్రం వాళ్ళ స్టాఫ్ పూర్తిచేసిన ట్రైనింగుల జాబితా ఒక పేజీ. సాంస్కృతిక అవగాహన అనేది ఒకసారి చేరుకుని ఆగిపోయే చోటు కాదని అమెరికన్ ఎవాల్యుయేషన్ అసోసియేషన్ 2011లోనే ప్రకటన ఇచ్చింది, వీళ్ళు దాన్నే సర్టిఫికెట్లలా పేర్చారు.

రిపోర్టు డ్రాఫ్ట్ కూడా ముందు ఫౌండేషన్‌కే వెళ్ళింది. మాట్లాడిన ట్రైనీలకి చూపించడానికి పెట్టిన మీటింగేమో పనిదినం మధ్యాహ్నం, ఎవరొస్తారు?

ఐదుకి మూడు మార్కులు. మళ్ళీ వీళ్ళనే పెట్టుకుంటాం, కాకపోతే ఇంటర్‌ప్రెటర్ ఖర్చు, ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళ టైముకి డబ్బు, డ్రాఫ్ట్ ముందు వాళ్ళకే చూపించడం, ఈ మూడూ కాంట్రాక్టులో రాయించుకున్నాకే సంతకం.