స్టేషన్ బల్ల ముందు ఆమె చెప్పిన మాట: మూడు రోజుల శిక్షణపై సమీక్ష

గృహహింసకు, లైంగిక హింసకు గురైన స్త్రీలతో మొదట మాట్లాడవలసివచ్చే పోలీసులు, వైద్యులు, కౌన్సిలర్ల కోసం హైదరాబాద్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపిన మూడు రోజుల శిక్షణకు నేను ఇటీవల హాజరయ్యాను. కుటుంబ సలహా కేంద్రంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న నాకు ఇటువంటి తరగతులు కొత్త కాదు. చాలాచోట్ల చట్టంలోని సెక్షన్లను తెరమీద చూపి, చదివి వినిపించి, భోజనం పెట్టి, సర్టిఫికెట్ చేతికిచ్చి పంపుతారు. ఇది అలాంటి తరగతి కాదు కనుకనే దీని గురించి వివరంగా రాస్తున్నాను.

మాసాబ్‌ట్యాంక్ దగ్గరి ఒక మామూలు సమావేశ మందిరంలో ముప్పై మందిమి కూర్చున్నాం. ఎస్సైలు, ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు, ప్రభుత్వాసుపత్రుల క్యాజువాలిటీలో పనిచేసే వైద్యులు, నర్సులు, హింసకు గురైన స్త్రీలకు ఒకేచోట సాయమందించే సఖి కేంద్రాల సిబ్బంది, నాలాంటి కౌన్సిలర్లు అందులో ఉన్నారు. మొదటి పూట చట్టం. 2024 జులై 1 నుండి కొత్త న్యాయసంహితలు అమలులోకి వచ్చాయి కాబట్టి ఆ పాఠం తప్పదు. వివాహితపై క్రూరత్వానికి సంబంధించిన పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లోని 498ఎ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా మారిందనీ, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయాలన్న జీరో ఎఫ్‌ఐఆర్ నియమం, నేరవిచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లోకి ఎక్కిందనీ శిక్షకురాలు చెప్పారు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగినప్పుడు, మా పరిధి కాదంటూ చేసిన జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయిన సంగతిని శిక్షకురాలు గుర్తుచేసినప్పుడు మందిరంలో ఎవరూ మాట్లాడలేదు. మిగిలిన చట్టభాగం పుస్తకంలో చదువుకోదగినదే.

అసలు శిక్షణ మధ్యాహ్నం మొదలైంది. అందరికీ ఒక్కొక్క తెల్లకాగితం ఇచ్చి, నాలుగు నిమిషాల ఆడియో వినిపించారు. పాతబస్తీ ఇల్లాలు ఒకామె దక్కనీలో, అంటే ఇక్కడి ఉర్దూ యాసలో, తన గోడు చెప్పుకుంటున్నట్టు నటి చేత చదివించిన మాటలవి. ఆమె తడబడుతుంది, ముందు జరిగింది వెనుక చెబుతుంది, తారీఖు రెండుసార్లు మారుస్తుంది, మధ్యలో ‘గలా దబాయా’ (గొంతు నులిమాడు) అని ఒక్కసారి అని, వెంటనే పిల్లవాడి స్కూలు ఫీజు గురించి మాట్లాడుతుంది. విన్నదాన్ని ఫిర్యాదుగా తెలుగులో రాయమన్నారు. రాసినవి ఒక్కొక్కటే పైకి చదివినప్పుడు తెలిసింది, మాలో ఎక్కువమంది ‘భర్త చేయి చేసుకున్నాడు’ అనో, ‘గొడవపడి కొట్టాడు’ అనో రాశామని. గొంతు నులిమాడన్న మాట నలుగురో ఐదుగురో మాత్రమే కాగితంమీద పెట్టారు. నేను ‘మెడ పట్టుకున్నాడు’ అని రాశాను. పదకొండేళ్ల అనుభవం నా చేత రాయించింది అంతే.

ఆ ఒక్క మాట ఎందుకంత ముఖ్యమో ఆ తరువాతి గంటన్నర వివరించారు. ఇంతకుముందు ఒకసారి గొంతు నులమబడిన స్త్రీ అదే మగవాడి చేతిలో హత్యకు గురయ్యే ముప్పు ఏడు రెట్లకు పైగా ఉంటుందని 2008లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. అమెరికాలోనే శాన్ డియేగో నగరంలో 300 కేసులు పరిశీలించినప్పుడు సగం మంది మెడమీద పైకి కనిపించే గుర్తే లేదు. అందుచేత గాయం లేదు కనుక సంగతి చిన్నదే అనుకోవడం ఎంత ప్రమాదమో ఇక్కడ అర్థమవుతుంది. గొంతు బొంగురుపోయిందా, మింగడం కష్టంగా ఉందా, కళ్లలో ఎర్రటి చుక్కలు ఉన్నాయా, ఆ సమయంలో బట్టల్లో మూత్రం పోయిందా అన్నవి అడిగి రాయవలసిన ప్రశ్నలు. చివరి ప్రశ్న అడగడానికి మాలో చాలామందికి నోరు రాలేదు. దాన్ని సిగ్గుపరచకుండా ఎలా అడగాలో జంటలుగా కూర్చోబెట్టి అడిగించారు, మళ్లీ మళ్లీ. ఈ అభ్యాసానికే మొత్తం రుసుము చెల్లించవచ్చునని నా అభిప్రాయం.

రెండవ రోజు లైంగిక హింస. దాడి సమయంలో శరీరం కొయ్యబారిపోవడం గురించి చెప్పిన భాగం నాకు బాగా నచ్చింది. 2017లో వెలువడిన స్వీడన్ అధ్యయనంలో, అత్యాచార బాధితుల కోసం ఉన్న చికిత్సాలయానికి వచ్చిన 298 మంది స్త్రీలలో 70 శాతం మంది ఆ స్థితిని గణనీయంగా అనుభవించినట్టు చెప్పారు. ‘మరి అరవలేదేం?’ అన్న ప్రశ్నకు ఇదే జవాబు. శారీరకంగా ఎదిరించలేదన్న ఒక్క కారణంతో సమ్మతి ఉందని భావించరాదని మన చట్టమే అంటోంది. కాబట్టి ఫిర్యాదులో ‘ఎదిరించలేదు’ అని రాసి ఊరుకోకుండా, ‘కాళ్లూ చేతులూ కదల్లేదు, గొంతు పెగల్లేదు’ అని ఆమె అన్నట్టే రాయాలి. వైద్యభాగం కూడా అంతే స్పష్టంగా నడిచింది. అత్యాచార బాధితురాలికి లైంగిక అనుభవం ఉందో లేదో చూడడానికంటూ యోనిలో వేళ్లు పెట్టి చేసే రెండు వేళ్ల పరీక్ష దుష్ప్రవర్తనేనని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసు కాగితం లేకపోయినా పరీక్ష చేయవచ్చునని కేంద్ర ఆరోగ్యశాఖ 2014 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా చికిత్స చేయవలసిందే. ఇది విని ఒక నర్సు తన నోట్‌బుక్‌లో గట్టిగా గీత గీసుకోవడం చూశాను.

మూడవ రోజు రాజీ గురించి. ‘కాపురం నిలబెట్టడం’ అన్న మాట మన స్టేషన్లలో ఎంత పని చేస్తుందో తెలియనిది కాదు. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దాదాపు 84 శాతం స్త్రీలు, ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సమంజసమేనని అన్నారు. అంటే బల్లకు ఇవతల కూర్చున్న ఆమె కూడా ‘తప్పు నాదేలెండి సార్’ అంటూనే ఫిర్యాదు మొదలుపెడుతుంది. దాన్ని పట్టుకుని పెద్దమనుషుల్ని పిలిపించే అధికారికి 2005 గృహహింస చట్టం ఐదవ సెక్షన్ గుర్తుచేయాలి: రక్షణాధికారి గురించి, ఉచిత న్యాయసహాయం గురించి, నివాస హక్కు వంటి ఉత్తర్వుల గురించి ఆమెకు తెలియజెప్పడం పోలీసు బాధ్యత. అయినా ఈ పాఠానికి ఒక పూట చాలలేదు. ఒక ఇన్‌స్పెక్టర్ లేచి, ‘మేడమ్, రేపు ఆమే వచ్చి కేసు వాపసు అంటే నేనేం చేయాలి?’ అని అడిగారు. అది నిజాయితీ గల ప్రశ్న. దానికి సమయం లేదని దాటవేశారు. నాకు నచ్చనిది ఇదే.

దీనికన్నా పెద్ద లోపం హాజరుపట్టీలో ఉంది. ఈ నగరానికి వ్యవస్థల కొరత లేదు: స్త్రీలపై వేధింపులను అరికట్టే పోలీసు బృందాలు షీ టీమ్స్ 2014 నుండి ఉన్నాయి, బాధితులకు ఒకేచోట సాయమందించే భరోసా కేంద్రం 2016 నుండి ఉంది, 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. కానీ స్టేషన్ గడప తొక్కిన స్త్రీ ముందుగా కలిసేది రిసెప్షన్‌లోని కానిస్టేబుల్‌ను, తరువాత ఫిర్యాదు రాసిపెట్టే రైటర్‌ను. ఉర్దూలో చెప్పింది తెలుగులోకి మారేది రైటర్ కలం కిందే. నమోదు చేసినదాన్ని ఆమెకు చదివి వినిపించి సంతకం తీసుకోవాలని చట్టం అంటుంది. ఏ భాషలో వినిపిస్తున్నారో చూసేదెవరు? ఈ తరగతిలో ఒక్క రైటర్ కూడా లేరు. నిర్వాహకులను అడిగితే, ఎవరిని పంపాలో శాఖవారే నిర్ణయిస్తారని సమాధానమిచ్చారు.

చిన్న ఫిర్యాదులు మరికొన్ని ఉన్నాయి. తెరమీది పాఠం మొత్తం ఇంగ్లీషులో ఉంది. నర్సులు పక్కవారిని అడిగి అర్థం చేసుకోవలసి వచ్చింది. ఆరు నెలల తరువాత మళ్లీ కలుద్దామన్న మాట ఏ కాగితం మీదా లేదు. కేంద్రాలకు, ఆసుపత్రులకు మనిషికి రెండు వేల రూపాయల రుసుము, పోలీసులకు ఉచితం. భోజనం బాగుంది.

మా కేంద్రం నుండి వచ్చే విడతకు ఇద్దరిని పంపుతున్నాం. మొదటి రోజు మధ్యాహ్నం తప్పిపోకుండా చూసుకోమని, ఆ తెల్లకాగితం మీద రాసినదాన్ని పారేయకుండా తెచ్చుకోమని వారికి చెప్పాను. నాది ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది, ‘మెడ పట్టుకున్నాడు’ అన్నచోట ఎర్రసిరాతో గీత గీసి.