రక్తం తీసుకెళ్లారు, నెలసరిలో ఏ రోజో అడగలేదు: హార్మోన్ ప్యాకేజీ రివ్యూ

నాకు 46. కొన్ని నెలలుగా పీరియడ్స్ ఇష్టమొచ్చినట్టు వస్తున్నాయి, రాత్రుళ్లు ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు, ఫ్యాన్ కిందే పడుకున్నా జాకెట్ తడిసిపోతోంది. మా ఆడపడుచు చెప్పిందని ఒక ల్యాబ్ యాప్‌లో ఆడవాళ్ల హార్మోన్ ప్యాకేజీ బుక్ చేశాను, 2,400 రూపాయలు. ల్యాబ్ పేరు రాయను, గొడవపడే ఓపిక లేదు.

ఉదయం ఆరున్నరకే వచ్చిన అబ్బాయి చేయి మంచిది, సూది గుచ్చినట్టే తెలియలేదు. సాయంత్రానికల్లా రిపోర్ట్ ఫోన్‌లో ఉంది. టెన్షన్ అక్కడ మొదలైంది. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ 0.4, పక్కనే తక్కువని ఎర్ర బాణం. ఆ రాత్రి నిద్ర లేదు, ఈసారి ఆవిర్ల వల్ల కాదు.

మా డాక్టరమ్మ రిపోర్ట్ పక్కన పెట్టి ముందు అడిగింది "డేట్ ఎప్పుడొచ్చింది?" అని. నేను రక్తం ఇచ్చింది నెలసరి మొదలైన పదో రోజున. అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలే తిత్తి నుంచే ప్రొజెస్టిరాన్ వస్తుందట, గర్భాశయం లోపలి పొరను గర్భం నిలిచేలా సిద్ధం చేసేది అదే. "అండమే ఇంకా రాలేదు, అదెక్కణ్ణుంచి వస్తుందమ్మా" అని నవ్వింది. 28 రోజులకోసారి వచ్చేవాళ్లకి 21వ రోజు దగ్గర చూడాలి, 35 రోజులకైతే 28వ రోజు దగ్గర. ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రడయాల్ అనే హార్మోన్లు మాత్రం రెండో మూడో రోజున. అంటే ఒక్క సూదితో అన్నీ చూసేస్తామంటే ఏదో ఒకటి తప్పు రోజున పడాల్సిందేగా! ఈ మాట బుకింగ్‌లో ఒక్కచోట కూడా లేదు.

ఇంకోటి, ఎఫ్‌ఎస్‌హెచ్ అంటే అండాశయాలకి పిట్యూటరీ గ్రంథి పంపే కబురు. అవి మాట వినడం తగ్గేకొద్దీ ఇది గొంతు పెంచుతుంది, కానీ నా వయసులో ఒక నెల పెరిగి మరో నెల దిగుతుంది కాబట్టి 45 దాటినవాళ్లకి నెలసరి ఆగిపోయే దశ మొదలైందో లేదో తేల్చడానికి లక్షణాలు వింటే చాలట, మామూలుగా ఈ టెస్టులే అక్కర్లేదట. ఆవిడ రాసింది థైరాయిడ్ ఎలా ఉందో చూసే టీఎస్‌హెచ్ టెస్టు ఒక్కటే, థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే చెమటలు పడతాయని. అది నా ప్యాకేజీలో లేనే లేదు!

పిల్లల కోసమో, నెలసరి తప్పుతోందనో డాక్టర్ ఫలానా రోజున అని రాసిస్తే ఈ ల్యాబ్‌కి వెళ్లొచ్చు, పని శుభ్రంగానే ఉంది. సొంతంగా మాత్రం బుక్ చేయకండి.

నిన్న ఫోన్ చేసి అయిదు స్టార్లు ఇవ్వమన్నారు. సూది గుచ్చిన అబ్బాయికి అయిదు, ప్యాకేజీకి రెండు.