గడువుకు ముందే రెన్యువల్ చేస్తే మిగిలిన రోజులు ఎవరివి?

నేను చాలా ఏళ్లుగా వాడుతున్న సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ భాగం ఏడాది ప్లాన్లవే. వాటి పనితనాన్ని పక్కనపెట్టి, గడువు తీరకముందే రెన్యువల్ చేసుకున్నప్పుడు పాత ప్లాన్‌లో మిగిలిపోయిన రోజులకు ఏ పద్ధతిలో లెక్క కడుతున్నారన్న ఒక్క విషయాన్నే ఇక్కడ చూస్తాను.

ఈ విషయంలో మైక్రోసాఫ్ట్ 365తో నాకు ఇబ్బంది కలగలేదు. అదే ప్లాన్‌కు చెందిన కొత్త కీని, అంటే కొన్నప్పుడు ఇచ్చే కోడ్‌ను, ఖాతాలో నమోదు చేస్తే, దానితో వచ్చే ఏడాది కాలం నమోదు చేసిన రోజు నుంచి కాక పాత గడువు ముగిసిన చోటు నుంచి మొదలవుతుంది. ఇలా 5 సంవత్సరాల వరకు ముందుకు పొడిగించుకోవచ్చు కనుక, కీ తక్కువ ధరకు దొరికినప్పుడు కొని వెంటనే వేసుకోగలుగుతున్నాను.

నేను వాడే ఒక యాంటీవైరస్ సంగతి వేరు. గడువుకు ఇంకా నెలకు పైగా ఉండగా, రోజూ తెర మూలన కనిపించే హెచ్చరిక పోరు పడలేక కొత్త యాక్టివేషన్ కోడ్ వేశాను. ‘రెన్యువల్ విజయవంతమైంది’ అన్న సందేశం ఆకుపచ్చ రంగులో వచ్చింది గానీ, ఖాతా పేజీలో చూస్తే గడువు సరిగ్గా ఆనాటి నుంచి ఏడాదికే ఉంది. అంటే పాత రోజులు కొత్త ప్లాన్ కింద పడి నలిగిపోయాయి. సహాయ విభాగానికి రెండు రసీదులూ పంపిన తరువాత ఆ రోజులను కలిపారు, కానీ అడగనివారికి కలపరు. తొందరపెట్టేదీ వారే, తొందరపడినవారి రోజులు కోసేదీ వారే కావడం నాకు మింగుడుపడని విషయం. కొత్త కోడ్‌ను రిజర్వ్‌లో ఉంచి, పాతది ముగిసిన క్షణాన దానంతట అదే అమలయ్యేలా చేసే ఏర్పాటు కాస్పర్‌స్కీ యాంటీవైరస్ ప్రోగ్రాముల్లో ఉండేది కాబట్టి, ఇది సాంకేతికంగా కష్టమన్న సాకు చెల్లదు.

ప్లాన్ మార్చుకునేటప్పుడు లెక్క మరింత చిక్కుగా ఉంటుంది. ఆపిల్ యాప్ స్టోర్‌లో పై ప్లాన్‌కు వెళితే మార్పు వెంటనే అమలై, వాడని కాలానికి తగిన సొమ్ము వెనక్కి వస్తుంది. కింది ప్లాన్‌కు దిగితే మాత్రం తదుపరి రెన్యువల్ తేదీ దాకా పాతదే నడుస్తుంది. గూగుల్ ప్లేలో పద్ధతిని ఎంచుకునే వీలు యాప్ తయారీదారుకే ఉంది. కాలాన్ని దామాషాగా మార్చే పద్ధతిలో, రెట్టింపు ధర ఉన్న ప్లాన్‌కు మారినప్పుడు పాత 60 రోజులు కొత్తవి 30 అవుతాయి. పూర్తి ధరను వెంటనే వసూలు చేసి, మిగిలిన విలువను కాలంగా కలిపే పద్ధతి కూడా ఉంది. అందుకే ఒకే స్టోర్‌లోని రెండు యాప్‌లు రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి, డబ్బు కట్టే పేజీలో కొత్త గడువు తేదీ కనిపించకపోతే ఏది ఏ రకమో వాడుకరికి తెలిసే దారి లేదు.

ఆటో రెన్యువల్‌లో ఈ బెడద తక్కువ. కొన్ని కంపెనీలు గడువుకు ముందే సొమ్ము తీసుకున్నా, కొత్త కాలాన్ని పాత గడువు నుంచే లెక్కిస్తాయి.

ఆ యాంటీవైరస్ పని బాగానే చేస్తున్నందున దాన్ని మానలేదు. కాకపోతే, కోడ్‌ను ఫలానా తేదీలోగా వాడాలన్న షరతు ఉందేమో చూసి కొని, పాత ప్లాన్ చివరి రోజు దాకా దాన్ని ముట్టుకోవడం లేదు.