బిడది ట్రిప్ ప్యాకేజీ కొనేవాళ్లు జాగ్రత్త: ఒకే టికెట్టు ఇద్దరు ముగ్గురికి అమ్ముతున్నాడు

"పెద్దవాళ్లు, పిల్లలతో హాయిగా, టెన్షన్ లేకుండా వండర్‌లా" అని తెలుగులో పోస్టర్లు వేసి, బెంగళూరు దగ్గర బిడదిలో ఉన్న వండర్‌లా పార్కుకి ప్యాకేజీలు అమ్మేవాడు మీలో చాలామందికి తెలుసు. బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో వాడి పోస్టర్ తిరుగుతూనే ఉంది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. వాడి దగ్గర కొనకండి. ఇప్పటికే కొని ఉంటే దయచేసి మొత్తం చదవండి.

మేం ఎనిమిది మందిమి. కడప నుంచి అమ్మానాన్న, తిరుపతి నుంచి చెల్లి, దాని కొడుకు, ఇక్కడ మేం నలుగురం. వ్యాన్, ఫాస్ట్‌ట్రాక్ టికెట్లు, మధ్యాహ్నం భోజనం కూపన్లు అన్నీ కలిపి 26,000 అన్నాడు. డబ్బంతా నాన్నే ఇచ్చారు. మనవళ్లను ఒక్కసారైనా తిప్పాలని ఆయన కోరిక. యూపీఐలో పంపిన గంటలోపే పీడీఎఫ్ వచ్చింది. క్యూఆర్ కోడ్, బుకింగ్ నంబరు, తేదీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అది దొంగ టికెట్టు కాదు, అసలైనదే. అందుకే ఎవరైనా నమ్ముతారు.

ముందు రోజు రాత్రి వాడే ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దవాళ్లున్నారు కదా, పొద్దున్నే పరుగులు పెట్టకండి. గేట్లు తెరిచే టైముకి గోల గోలగా ఉంటుంది. దారిలో తట్టె ఇడ్లీ తిని, ఒంటిగంట ప్రాంతంలో వెళ్లండి. ఫాస్ట్‌ట్రాక్ ఉందిగా, క్యూలే ఉండవు" అన్నాడు. ఎంత శ్రద్ధ చూపిస్తున్నాడో అనుకున్నాం. మైసూరు రోడ్డు మీద టోల్ దాటి, బిడదిలో అమ్మ తృప్తిగా ఇడ్లీ తినేదాకా ఆగి, వాడు చెప్పిన టైముకే గేటు దగ్గరికి చేరాం.

కోడ్ స్కాన్ చేస్తే ఎర్ర గుర్తు వచ్చింది. ఇంకోసారి చేశారు, మళ్లీ అదే. అక్కడి అమ్మాయి స్క్రీన్ మా వైపు తిప్పి చూపించింది. మా బుకింగ్ నంబరు మీద ఎనిమిది మందీ పొద్దున్నే లోపలికి వెళ్లిపోయారు. రెండు కుటుంబాలు, నలుగురేసి. మా వెనకే నిలబడ్డ హోసూరు కుటుంబం తమ ఫోన్ తీసి చూపిస్తే అదే నంబరు, అదే పీడీఎఫ్. వాళ్లకూ వాడు "నిదానంగా వెళ్లండి" అనే చెప్పాడట. అప్పుడు అర్థమైంది. ఒకే టికెట్టు నాలుగు కుటుంబాలకు అమ్మాడు. ముందు వచ్చినవాళ్లు వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు పొద్దున్నే వస్తే అందరూ గేటు దగ్గరే ఎదురుపడి బండారం బయటపడుతుంది. అందుకే ముసలివాళ్లున్న ఇళ్లను చూసి, వాళ్ల మీద ప్రేమ ఉన్నట్టు మాట్లాడి, ఆలస్యంగా పంపిస్తున్నాడు.

ఫోన్ చేస్తే మా నంబర్లన్నీ బ్లాక్. వ్యాన్ డ్రైవర్ ఫోన్ నుంచి చేస్తే ఎత్తాడు. ఆ డ్రైవర్‌కి కూడా వాడు డబ్బులు బాకీనే. స్పీకర్‌లో పెట్టాను. నా గొంతు వినగానే "మీరు లేటుగా వెళ్తే నేనేం చేస్తాను మేడం, టైముకి వెళ్లాల్సింది" అన్నాడు. వాడు చెప్పిన టైముకే! నాకు నోట మాట రాలేదు. నాన్న ఫోన్ తీసుకున్నారు. జీవితమంతా స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి, ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడరు. "బాబూ, పసిపిల్లలు ఎండలో నిలబడ్డారు, ఏదో ఒక దారి చూపించు" అని అడిగారు. దానికి వాడన్న మాట: "పెద్దాయనా, ఈ వయసులో నీకు పార్కులెందుకు? ఇంటికెళ్లి పడుకో." చుట్టూ జనం, పక్కన మనవళ్లు. అందరికీ వినబడింది. మా చెల్లి కొడుకు "తాతయ్యని ఎందుకు తిడుతున్నారు?" అని అడిగాడు. 26,000 సంగతి ఎప్పటికైనా మర్చిపోతానేమో, ఈ మాట మాత్రం మర్చిపోలేను. దిగులుగా ఉన్న మనవడి చెయ్యి పట్టుకుని నాన్న నీడలోకి వెళ్లిపోయారు. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

పార్కువాళ్లు మర్యాదగానే మాట్లాడారు. ఆ కోడ్ మీద ఇంకొకరిని పంపడం కుదరదన్నారు, అది న్యాయమే. పిల్లల కోసం కౌంటర్లో మళ్లీ డబ్బు కట్టి టికెట్లు కొన్నాం. అక్కడ ఇంకో విషయం తెలిసింది. పిల్లల టికెట్టు వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టి ఇస్తారు. అరవై దాటినవాళ్లకు గుర్తింపు కార్డు చూపిస్తే రేటు వేరు. వాడు మా పిల్లల ఎత్తు అడగలేదు, నాన్న వయసు కూడా అడగలేదు. మా కోసం టికెట్టు తీసేవాడైతే ఇవి అడగకుండా ఎలా తీస్తాడు? అమ్మ చేసి తెచ్చిన పులిహోర కూడా లోపలికి రానివ్వలేదు, బయటి తిండికి అనుమతి లేదు. "ఇంటి భోజనం తెచ్చుకోవచ్చు" అన్నదీ వాడే. పిల్లలు ఏదో రెండు రైడ్లు ఎక్కారు, కానీ ఎవరి మొహంలోనూ సంతోషం లేదు.

అదే రోజు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. మీకు ఇలా జరిగితే ఇంటికి చేరేదాకా ఆగకండి, గేటు దగ్గర నుంచే 1930కి చేయండి. డబ్బు వాడి ఖాతాలో ఉండగానే ఆపే అవకాశం ఉంటుంది. బ్యాంకువాళ్లేమో పిన్ మీరే కొట్టారు కదా, మా చేతుల్లో పెద్దగా ఏమీ లేదంటున్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా చెప్పాం.

టికెట్లు పార్కు సొంత వెబ్‌సైట్‌లో, మీ ఫోన్ నంబరు మీదే తీసుకోండి. ఎవరి చేతనైనా తీయించాల్సి వస్తే బుకింగ్ ఎవరి నంబరు మీద ఉందో అడగండి. మా పీడీఎఫ్‌లో ఉన్నది వాడి నంబరే. వాడి దగ్గర ఇప్పటికే కొన్నవాళ్లు మీ బుకింగ్ నంబరు పార్కుకి ఫోన్ చేసి సరిచూసుకోండి, వెళ్లక తప్పదనుకుంటే గేట్లు తెరవక ముందే అక్కడ ఉండండి.

ఆ హోసూరు కుటుంబం వాళ్ల ఫోన్ నంబరు తీసుకోవడం ఆ కంగారులో కుదరలేదు. మీరు గానీ, మిమ్మల్ని తెలిసినవాళ్లు గానీ ఇది చదివితే నాకు మెసేజ్ పెట్టండి. మీ దగ్గరున్న పీడీఎఫ్, పేమెంట్ స్క్రీన్‌షాట్ చెరిపేయకండి. ఒకే నంబరు టికెట్టు ఇద్దరి దగ్గరా ఉందని చూపిస్తే కేసు గట్టిగా నిలబడుతుందని స్టేషన్‌లో చెప్పారు.