డీజిల్ గేజ్ తప్పు చూపిస్తుంటే ఏది మేలు: పాత ఫ్లోట్ బాగుచేయడమా, కొత్తది వేయడమా?

పాత పికప్‌లో డీజిల్ ముల్లు తేడా కొట్టడం మొదలైతే షెడ్డులో ముందుగా వినపడే మాట "ఫ్లోట్ పోయింది, మార్చేద్దాం". తీరా చూస్తే పాడైంది ఫ్లోట్ కాక దాని ఎర్త్ (కరెంటు ఛాసిస్ గుండా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వెళ్లే దారి) కావచ్చు. కాబట్టి మన ముందున్న దారులు మూడు: ఎర్త్‌నూ వైరింగ్‌నూ సరిచేయడం, పాత యూనిట్‌నే (ఫ్లోట్, దాని కడ్డీ, రెసిస్టెన్స్ పట్టీ కలిసిన భాగం) శుభ్రం చేసి వాడటం, కొత్త యూనిట్ వేయడం. ముల్లును నమ్మి ట్యాంకు ఎండగడితే లైనులోకి గాలి చేరుతుంది. ప్రైమర్ (చేత్తో నొక్కే చిన్న పంపు) కొట్టి ఎయిర్ తీస్తే గానీ బండి స్టార్ట్ కాదు. కామన్ రైల్ బండి (ఇంజక్టర్లన్నిటికీ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ అందే రకం) అయితే నష్టం ఇంకా ఎక్కువ. అందులో హై ప్రెషర్ పంపుకు డీజిలే లూబ్రికేషన్, అది అందకపోతే పంపు అరిగిపోతుంది.

ట్యాంకులో తేలే ఫ్లోట్‌కు ఒక కడ్డీ, ఆ కడ్డీ చివర ఒక చిన్న కాంటాక్ట్ ఉంటాయి. డీజిల్ తగ్గేకొద్దీ ఆ కాంటాక్ట్ రెసిస్టెన్స్ పట్టీ మీద జరుగుతుంది, మీటర్‌కు అందే రెసిస్టెన్స్ మారుతుంది, దాన్ని ఓంలలో కొలుస్తారు. ఎన్ని ఓంలకు ఖాళీ, ఎన్నింటికి ఫుల్ అన్నది ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. అమెరికాలో పాత షెవర్లే ట్రక్కులకు ఖాళీ 0, ఫుల్ 90. పాత ఫోర్డ్‌లలో లెక్క తిరగబడుతుంది: ఖాళీ 73, ఫుల్ 10. మీ బండి లెక్క సర్వీస్ మాన్యువల్‌లో దొరుకుతుంది.

ముందు ఎర్త్ సంగతి. యూనిట్ బాడీకి, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య మల్టీమీటర్ పెడితే అర ఓంకు మించకూడదు. ఛాసిస్ దగ్గర తుప్పు పట్టి అక్కడే 20 ఓంలు చేరాయనుకోండి. 0–90 బండిలో సగం ట్యాంకుకు రావాల్సిన 45 కాస్తా 65 అవుతుంది, ముల్లు ముప్పావు దగ్గరికి పోతుంది. ఇది ప్రమాదం, ఎందుకంటే లేని డీజిల్ ఉన్నట్టు చూపిస్తుంది. 73–10 బండిలో ఇదే లోపం ఉన్నదాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు కదిలితే ఇంకేమీ విప్పకండి, ముందు ఎర్త్ చూడండి. ఎర్త్ బోల్టు విప్పి, కింద రంగూ తుప్పూ గీకి, వాసెలిన్ రాసి బిగిస్తే సరిపోతుంది. డీజిల్ గేజ్‌తో పాటు టెంపరేచర్ గేజ్ కూడా ఒకేసారి తేడా కొడితే ట్యాంకు వైపు వెళ్లనక్కర్లేదు. మీటర్ వెనక వోల్టేజ్ స్టెబిలైజర్ (గేజ్‌లకు వెళ్లే వోల్టేజ్‌ను నిలకడగా ఉంచే భాగం) ఉన్న పాత బండ్లలో తప్పు దానిదో, దాని ఎర్త్‌దో అయి ఉంటుంది.

తర్వాత మీటర్ పరీక్ష. ఇగ్నిషన్ ఆఫ్ చేసి ట్యాంకు దగ్గర యూనిట్ వైరు ఊడదీయండి. ఆన్ చేస్తే ముల్లు ఒక చివరికి పోవాలి. మళ్లీ ఆఫ్ చేసి, ఆ వైరును 12 వోల్టుల 3 వాట్ల బల్బు గుండా ఎర్త్‌కు కలిపి ఆన్ చేస్తే రెండో చివర వైపు గట్టిగా కదలాలి. బల్బు లేకుండా నేరుగా ఎర్త్ చేస్తే బైమెటల్ గేజ్ (వేడికి వంగే లోహపు పట్టీతో ముల్లు కదిలే రకం) కాలిపోవచ్చు. ఫ్లోట్ సిగ్నల్ కంప్యూటర్‌కు వెళ్లే కొత్త తరం బండ్లలో మాత్రం ఈ పరీక్ష చేయొద్దు. ముల్లు రెండు వైపులా సరిగా కదిలిందంటే మీటర్, వైరు బాగున్నట్టే, ఇక మిగిలింది యూనిట్.

యూనిట్ బయటికి తీసేటప్పుడు బ్యాటరీ నెగటివ్ విప్పండి, ట్యాంకులో పావుకు మించి ఉంచకండి. లాక్ రింగ్ (యూనిట్‌ను ట్యాంకుకు బిగించే చుట్టు) ఉంటే ఇనుప ఉలితో కాకుండా ఇత్తడి పంచ్‌తో తట్టండి, నిప్పురవ్వ రాదు. బయటికొచ్చాక మల్టీమీటర్ తగిలించి కడ్డీని కింది నుంచి పైకి మెల్లగా ఎత్తండి. అంకె ఆగకుండా మారుతూ పోవాలి. మధ్యలో ఎక్కడైనా ఎగిరిపడినా, ఓపెన్ అని చూపినా ఆ చోట మురికి పట్టిందో, పట్టీ అరిగిందో తేల్చాలి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పెన్సిల్ రబ్బరుతో పట్టీని సున్నితంగా రుద్ది మళ్లీ కొలవండి. గరుకు కాగితం అసలు వాడొద్దు, అది మురికితో పాటు పట్టీ పూతనూ లాగేస్తుంది. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపండి. లోపల డీజిల్ కదిలిన చప్పుడొస్తే అది చిల్లిపడి మునుగుతోంది. అప్పుడు ఫ్లోట్ ఒక్కటి మారిస్తే చాలు.

శుభ్రం చేశాక అంకె చివరి నుంచి చివరి వరకు నిలకడగా కదిలితే పాతదే పెట్టండి. కంపెనీ యూనిట్ మీ ట్యాంకు ఆకారానికి సరిపడా తయారైంది, దానికి సాటి వేరేది రాదు. పట్టీ మీద గాడి కనిపిస్తుంటే మాత్రం శుభ్రం చేయడం కొద్ది రోజుల ముచ్చటే, కొత్తది తెచ్చుకోండి. ఇక్కడ కూలి లెక్క కూడా చూడాలి. కొన్ని పికప్‌లలో ట్యాంకు దించకుండా యూనిట్ చేతికి అందదు. అలాంటి బండిలో పట్టీ మీద కాస్త అనుమానమున్నా కొత్తదే మేలు, లేకపోతే అదే పని, అదే కూలి మళ్లీ పడతాయి. ట్యాంకు ఛాసిస్ పక్కనే ఉండి చేయి దూరే బండి అయితే ముందు శుభ్రం చేసి చూడటంలో పోయేదేమీ లేదు.

కొత్తది కొనేటప్పుడు మీ మోడల్‌దే అడగండి. "ఏ బండికైనా పడుతుంది" అని అమ్మే యూనివర్సల్ యూనిట్లలో 10–180, 240–33 లాంటి లెక్కలుంటాయి. 0–90 మీటరున్న బండికి 10–180 యూనిట్ పెట్టి, పక్కన 180 ఓంల రెసిస్టర్ ప్యారలల్‌గా కలిపితే ఫుల్ దగ్గర 90 కచ్చితంగా వస్తుంది, పని అయిపోయినట్టే కనిపిస్తుంది. సగం దగ్గర మాత్రం 45 రావాల్సిన చోట 62 వస్తుంది. ట్యాంకు ఖాళీ అయ్యాక కూడా సుమారు 9 ఓంలు మిగులుతాయి, ముల్లు ఖాళీ గీతకు పైనే నిలబడుతుంది. ఈ సర్దుబాటు కన్నా శుభ్రం చేసిన పాత యూనిట్ ఎంతో నయం. యూనివర్సల్ తప్పనిసరి అయితే మీ మీటర్ లెక్కకు సరిపోయే ఓంలు, మీ ట్యాంకు లోతుకు తగ్గ కడ్డీ పొడవు రెండూ కుదిరినదే తీసుకోండి.

పాతది పెట్టినా కొత్తది పెట్టినా సీలింగ్ వాషర్ మాత్రం కొత్తదే వేయండి, పాతది వేస్తే ట్యాంకు నిండినప్పుడు పైనుంచి కారుతుంది. డీజిల్ చాలావరకు తీసేసిన ట్యాంకుతో బండిని చదునైన చోట నిలిపి, 5 లీటర్ల చొప్పున పోస్తూ ముల్లు ఎక్కడ ఆగుతుందో ప్రతిసారీ రాసుకోండి. బైమెటల్ గేజ్ మెల్లగా కదులుతుంది, పోసిన ప్రతిసారీ ఒక నిమిషం ఆగి చూడండి. ట్యాంకు అడుగు సన్నగా ఉంటే సగం గీత దగ్గర సగం లీటర్లు ఉండవు, అది లోపం కాదు. మొదటి పోతల్లో ముల్లు లేవకపోతే కడ్డీ చివరను కొద్దిగా వంచి సరిచేయండి. ఖాళీ గీత దగ్గర ఇంకా 5 లీటర్లు మిగిలేలా సర్దుకుంటే ఎక్కుడు రోడ్డులోనూ డీజిల్ లాగే పైపు గాలి పీల్చకుండా ఉంటుంది.