లాలూచీ కుస్తీకి 70 నిమిషాలు, అసలు యుద్ధానికి 6

మా అమ్మాయి ఫిలిప్పీన్స్‌లో, మనీలాలో మెడిసిన్ చదువుతోంది. పోయిన నెల చూడ్డానికి వెళ్తే, "రోజూ మాల్‌కేనా నాన్నా, ఒక పూట ఊరు చూద్దాం" అని సగం రోజు టూర్ ఒకటి బుక్ చేసింది. మనిషికి 1,800 పెసోలు. 1898లో మనీలా స్పెయిన్ చేతిలోంచి అమెరికా చేతికి ఎలా పోయిందో ఆ జాగాల్లోనే నిలబెట్టి చెప్తారట. కంపెనీ పేరు రాయడం లేదు. నేను మెచ్చుకోబోయేదీ, తిట్టబోయేదీ ఒకే గైడుని. కుర్రాడి ఉద్యోగానికి నా వల్ల ఇబ్బంది ఎందుకు.

నేను ఆర్టీసీలో కంట్రోలర్‌గా రిటైరయ్యాను. ఏ బండి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది అని రాసుకోవడం ముప్పై ఏళ్ల అలవాటు. టూర్‌లోనూ జేబులో కాగితం పెట్టుకున్నాను. ఈ రివ్యూ అంతా ఆ కాగితంలోదే.

8:00. ఫోర్ట్ శాంటియాగో గేటు. గైడు పది నిమిషాలు ముందే వచ్చి ఉన్నాడు, దానికే ఒక మార్కు వేసేశాను. మొత్తం పదకొండు మందిమి. లోపల ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు రిజాల్‌ని స్పెయిన్ వాళ్లు ఉంచిన గది, అక్కణ్ణుంచి ఆయన్ని 1896 డిసెంబర్ 30న కాల్చి చంపడానికి నడిపించిన దారిలో నేలకి బిగించిన కంచు పాదాల గుర్తులు. ఇవన్నీ ఏ టూర్‌లోనైనా చూపిస్తారు. శాన్ అగస్టిన్ చర్చిలో పదిహేను నిమిషాలు. మనీలాని అప్పగించే షరతులు ఈ చర్చిలోనే తయారయ్యాయని చెప్పి, మిగతాది గోడ దగ్గర చెప్తానని ఊరించాడు.

9:05. ఇంట్రామూరోస్ (గోడల మధ్యనున్న పాత మనీలా) దక్షిణపు గోడ, ప్యుర్టా రియల్ తోట. పెట్టిన డబ్బులు ఇక్కడ వసూలయ్యాయి.

గైడు మాకందరికీ వేషాలు పంచాడు. ఒక ఆస్ట్రేలియా ఆయన అమెరికా అడ్మిరల్ డ్యూయీ. మే 1న మనీలా అఖాతంలో స్పెయిన్ ఓడల్ని ఒక్క పొద్దున్నే ముంచేసి, ఊళ్లో దిగడానికి సైన్యం లేక నెలల తరబడి నీళ్ల మీదే కూర్చున్న మనిషి. ఇంకొకాయన స్పెయిన్ గవర్నర్ జనరల్ హౌడెనెస్. నేను బెల్జియం కాన్సుల్ ఎడ్వార్ ఆంద్రే, అంటే ఇద్దరి మధ్యా రాయబారం మోసేవాణ్ణి. చేతికో గొడుగిచ్చి అటూ ఇటూ తిప్పాడు. మా అమ్మాయిని ఫిలిప్పీన్స్ తిరుగుబాటు నాయకుడు అగినాల్డో చేసి, గోడకి అవతల ఎండలో నిలబెట్టాడు.

సంగతేమిటంటే, జూన్ 12న కవిట్‌లో స్వాతంత్ర్యం ప్రకటించింది అగినాల్డో. మనీలా చుట్టూ కందకాలు తవ్వి, ఊళ్లోకి నీళ్లు ఆపి, స్పెయిన్ వాళ్లని గోడల మధ్య ఇరికించింది ఆయన మనుషులే. హౌడెనెస్‌కి ఓటమి తప్పదని తెలుసు. కానీ దెబ్బ తగలకుండా లొంగిపోతే స్పెయిన్‌లో కోర్ట్ మార్షల్, అంటే సైనిక విచారణ. ఆయనకి ముందున్న గవర్నర్ అగస్టిన్ లొంగుబాటు మాటలు మొదలెట్టినందుకే పదవి పోగొట్టుకున్నాడు. పోనీ ఫిలిప్పీన్స్ వాళ్లకి లొంగుదామంటే పరువు ఒప్పుకోదు. అందుకని హౌడెనెస్ మాట మోసుకుని నా గొడుగు డ్యూయీ దగ్గరికి తిరిగింది. మీరు కాసేపు కాల్చండి, మేం కాసేపు కాలుస్తాం, తర్వాత తెల్లజెండా ఎగరేస్తాం, అగినాల్డో మనుషుల్ని మాత్రం లోపలికి రానివ్వకండి. ఆగస్టు 13న ఇంచుమించు అలాగే జరిగింది. మన పల్లెల్లో లాలూచీ కుస్తీ అంటారే, అచ్చంగా అదే. మాట్లాడుకున్న యుద్ధమే అయినా కొందరు నిజంగానే చచ్చిపోయారు, ఆ ఒప్పందం సంగతి అందరికీ చెప్పలేదు మరి.

అసలు చిత్రం ఇంకోటి. ముందురోజే వాషింగ్టన్‌లో రెండు దేశాలూ యుద్ధం ఆపుతూ సంతకాలు పెట్టేశాయి. ఆ కబురు మనీలాకి 16న గానీ చేరలేదు. టెలిగ్రాఫ్ కేబుల్‌ని మే నెలలో డ్యూయీయే కోయించాడు.

మా అమ్మాయి గోడ అవతల్నుంచి, "నన్నెప్పుడు లోపలికి పిలుస్తారు?" అని అరిచింది. గైడు నవ్వకుండా, "పిలవరు" అన్నాడు. ఆస్ట్రేలియా ఆయన తల దించుకున్నాడు, నాకూ గొడుగు బరువనిపించింది. ఇలా చెప్పగలిగినవాడికి ఎన్ని మార్కులైనా వెయ్యొచ్చు.

10:15. వ్యాన్ ఎక్కించారు. మలాటేలో ఫోర్ట్ శాన్ ఆంటోనియో అబాద్, ఆ రోజు అమెరికా వాళ్లు ముందుగా జెండా ఎగరేసిన కోట. ఇప్పుడు సెంట్రల్ బ్యాంకు ఆవరణలో ఉంది. బయటనుంచే ఫోటోలు.

10:52. రోక్సాస్ బులెవార్డ్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఒకప్పుడు దీని పేరు డ్యూయీ బులెవార్డ్ అన్నాడు. తర్వాత: స్పెయిన్ ఫిలిప్పీన్స్‌ని అమెరికాకి రాసిచ్చిన పారిస్ ఒప్పందం, అందుకు అమెరికా ఇచ్చిన 2 కోట్ల డాలర్లు, 1899లో "ఘర్షణలు", 1902లో శాంతి, వెంటనే బడులు. 10:58కి థామస్ అనే ఓడ దిగిన అయిదొందల మంది అమెరికా టీచర్ల దగ్గరికి వచ్చేశాడు. అక్కణ్ణుంచి అమెరికా ఆర్కిటెక్ట్ బర్న్‌హామ్ గీసిన ఊరి ప్లాను, 1912లో తెరిచిన మనీలా హోటల్, ఏసీ లాబీలో నిమ్మరసం. ఆ హోటల్ లాబీకే 25 నిమిషాలు పోయాయి.

నా కాగితంలో ఆ ఆరు నిమిషాల కింద గీత గీసి ఉంది. గైడు ఘర్షణలు అని దాటేసింది అమెరికాకీ, ఫిలిప్పీన్స్ వాళ్లకీ మధ్య జరిగిన అసలు యుద్ధాన్ని. ఆ "ఘర్షణల్లో" అమెరికా సైనికులు 4,200 మందికి పైగా, ఫిలిప్పీన్స్ పోరాటగాళ్లు 20,000 మందికి పైగా చచ్చిపోయారు. తుపాకులకీ, ఆకలికీ, రోగాలకీ పోయిన మామూలు జనం 2 లక్షల దాకా ఉంటారు. ఇది అమెరికా విదేశాంగ శాఖ చరిత్రకారులు రాసిన లెక్కే. సమార్ దీవిలో అమెరికా జనరల్ జేకబ్ స్మిత్ పదేళ్లు దాటినవాణ్ణి ఎవణ్ణీ వదలొద్దన్నాడు. కోర్ట్ మార్షల్ చేసి మందలించి ఇంటికి పంపారు, అంతే. ఆ దీవిలోని బలంగిగా ఊరి చర్చి గంటలు మూడూ అమెరికా సైనికులు పట్టుకెళ్లి, 2018లో తిరిగిచ్చారు. వ్యాన్‌లో ఒక్క ముక్క లేదు. 1907 నుంచి 1919 దాకా ఫిలిప్పీన్స్ వాళ్లు తమ జెండా ఎగరేసుకోకూడదని చట్టం ఉండేది, అదీ లేదు.

దిగేటప్పుడు పక్కకి పిలిచి అడిగాను. "తెలుసు సర్. అది చెప్తే గెస్టులు డల్ అయిపోతారు, రేటింగ్ పడిపోతుంది, ఆఫీసు స్క్రిప్టులో లేదు" అన్నాడు. పాపం, అబద్ధం చెప్పలేదు. రూటు మార్చే అధికారం డ్రైవర్‌కి ఉండదని నాకు తెలియనిది కాదు. అయినా మార్కులు టూర్‌కి వెయ్యాలి కదా.

మర్నాడు మేమిద్దరమే టాక్సీలో శాంటా మేసా వెళ్లాం. 1899 ఫిబ్రవరి 4 రాత్రి అమెరికా వైపు నెబ్రాస్కా సైనికుడు గ్రేసన్ ఆ యుద్ధంలో మొదటి తూటా పేల్చిన చోటు. గుర్తురాయి చాలాకాలం శాన్ హువాన్ వంతెన మీద ఉండేది, అసలు చోటు ఇది అని తేల్చాక 2003లో ఇక్కడికి మార్చారు. సోసియెగో, సిలెన్సియో అనే రెండు వీధుల మూల. స్పానిష్‌లో ఒకటి ప్రశాంతత, ఇంకోటి నిశ్శబ్దం అని మా అమ్మాయి ఫోన్లో చూసి చెప్పింది. ఆ తూటా పేలిన రెండో రోజునే అమెరికా సెనేట్‌లో 57-27తో పారిస్ ఒప్పందం నెగ్గింది. రాయి దగ్గర టికెట్ లేదు, గైడు లేడు, మేం తప్ప ఆగినవాళ్లు కూడా లేరు. 4:10 నుంచి 4:35 దాకా నిలబడ్డాం.

అక్కడికి దగ్గర్లోనే పాలిటెక్నిక్ యూనివర్సిటీ ఆవరణలో మాబినీ ఇల్లు ఉంది, అదీ చూడండి. కాళ్లు చచ్చుబడిన మనిషి, అగినాల్డో ప్రభుత్వానికి బుర్ర. అమెరికాకి విధేయత ప్రమాణం చెయ్యనన్నందుకు 1901లో గువామ్ దీవికి పంపారు. ఆ గువామ్ కూడా పారిస్ ఒప్పందంలో అమెరికాకి దక్కిందే. 1903లో తిరిగొచ్చి, కొన్ని నెలలకే కలరాతో పోయాడు.

అయిదుకి మూడు. గోడ దగ్గర నాటకానికే ఆ మూడూ. హోటల్ లాబీ తీసేసి శాంటా మేసా కలిపితే అయిదూ ఇస్తానని ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశాను, ఇంతవరకూ జవాబు లేదు. బుక్ చేస్తే పొద్దుటి బ్యాచ్ తీసుకోండి. మంచినీళ్లు వాళ్లే ఇస్తారు. వేషాలు పంచేటప్పుడు మీకు అగినాల్డో పడితే మాత్రం టోపీ దగ్గర పెట్టుకోండి.